పేరు చివరి పొల్లు

ఆహ్వానపత్రాల కట్టను రాజకుమారి తానే విప్పింది. పురికొస తెగడం లేదని పళ్ళతో కొరికింది. కళాశాల వార్షికోత్సవం ఇక రెండు రోజుల్లో. విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలిగా ఆ చీపురుపల్లి కళాశాలలో ఒక అమ్మాయి గెలవడం అదే మొదలు. సిరా వాసన పోని అట్ట మీద తన పేరు చూసుకోవాలన్న తొందర ఆమెది. పేరు ఉంది. ‘అధ్యక్షుడు: పి. రాజకుమార్’ అని ఉంది.

పక్కనున్న అనిత అట్టను వెనక్కీ ముందుకీ తిప్పింది.

“ఒసే, ఈ రాజకుమార్ ఎవుడే? మన కాలేజీయేనా?”

ఇద్దరూ పకపకా నవ్వారు. ముందు నవ్వు ఆగింది రాజకుమారికే.

ఆ సభలో ఆమెకు కావలసింది ఒక్కటే: విద్యార్థుల నివేదిక తాను చదవాలి. అందులో ఒక పేరా ఉంది. సైన్సు ప్రాక్టికల్స్ అయిదింటికి ముగుస్తాయి. గజపతినగరం వైపు పల్లెలకు వెళ్ళే చివరి బస్సు నాలుగున్నరకే కదులుతుంది. అబ్బాయిలు ఒకే బండి మీద ముగ్గురేసి ఎక్కి వెళ్ళిపోతారు. అమ్మాయిలు సైన్సు మానేస్తారు. కిందటేడు పదకొండు మంది మానేశారు. కెమిస్ట్రీ అంటే ప్రాణం పెట్టే అనిత కూడా వారిలో ఒకతె. ఇప్పుడు చరిత్ర చదువుతోంది. ఈ ఏటి ముఖ్య అతిథి బస్సు డిపో మేనేజరు జగన్నాధం. ఆ పేరా చదవడం కోసమే రాజకుమారి ఎన్నికలో నిలబడింది. వినవలసిన మనిషే ఎదుట కూర్చోబోతున్నాడు.

స్టేషను రోడ్డులోని ప్రెస్సుకు పరుగున వెళ్ళింది. యజమాని నరసింగరావు తడబడలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు.

“అమ్మా, నువ్వు రాసిచ్చిన కాయితమే ఇది. అధ్యక్షుడు అని ఉన్నాది. పక్కన ఆడపిల్ల పేరున్నాది. రెండిట్లో ఏదో తప్పని నేనే దిద్దినాను.”

“మరి పేరెందుకు దిద్దినావు మావయ్యా? ఆ ‘డు’ దిద్దొచ్చు కదా?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. “ఇరవయ్యేళ్ళుగా ఆ ముక్క అలాగే కొడతన్నానమ్మా. అది తప్పవుద్దని తట్టనేదు.”

రాజకుమారి కాగితం వైపు చూసింది. దస్తూరీ తనదే. కిందటేటి పత్రం చూసి రాసిన మాట నిజమే కాని, ఆ మాట దగ్గర కలం ఒక క్షణం ఆగిన సంగతి ఇప్పుడు గుర్తుకు వచ్చింది. ‘అధ్యక్షురాలు’ అని మొదలుపెట్టబోయి, అది మరీ మెత్తగా ఉందనిపించి మానుకుంది. ఆ కుర్చీలో గట్టిగా కూర్చోవాలంటే మగమాటే కావాలని నమ్మింది ఎవరు? ముద్రాపకుడు ఆమె మొదలుపెట్టిన పనిని పూర్తి చేశాడు, అంతే. సిగ్గుపడవలసిన చోట ఆమెకు విచిత్రంగా ఉత్సాహం కలిగింది. తప్పు తన దగ్గరే మొదలైతే, దిద్దడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ఉపాధ్యక్షుడు పృథ్వీరాజ్ మర్యాదగానే మాట్లాడాడు. పెద్దలకు పంపవలసిన యాభై పత్రాలూ వెళ్ళిపోయాయట. కుమార్ అని పిలిస్తే అమ్మాయి లేవడం కళాశాలకు నవ్వులపాటట. అంచేత నివేదిక తాను చదువుతాడు. అతిథిని వేదిక మీద బస్సు అడగడం బాగుండదు కనుక ఆ పేరా తీసేస్తాడు. రాజకుమారి పువ్వుల పళ్ళెం పట్టుకుని, చివర వందన సమర్పణ చెబితే సరిపోతుంది. సభ బాధ్యత చూసే జయకృష్ణ మేష్టారు తల ఊపారు. నివేదిక ఎవరు చదివారో ఎవరికీ గుర్తుండదని, పువ్వులిచ్చినవాళ్ళే అతిథికి గుర్తుంటారని ఓదార్చారు కూడా.

“ఒరే పృథ్వీ, నీ పేరూ రాజకుమార్ కాదు కదరా,” అంది రాజకుమారి. “నువ్వెలా సదువుతావు?”

“మగోడిని కదా. ఎవులూ అడగరు.”

అందులో ద్వేషం లేదు. అందరితో పాటు తానూ నవ్వేశాడు. అయినా ఆ మాట రాజకుమారి చెవిలోనే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయిల విశ్రాంతి గదిలో మూడు వందల పత్రాలు పరిచారు. పని చిన్నదే. ‘డు’ కొట్టేసి ‘రాలు’ రాయాలి. పేరు చివరి ‘ర్’ మీద పొల్లును వంచి గుడి చేయాలి. కళ్ళంలో తూర్పారబట్టినప్పుడు గాలికి ఎగిరిపోయేదాన్ని కూడా పొల్లే అంటారని ఎవరో అంటే, గది గదంతా ఘొల్లుమంది. ఇద్దరుగా మొదలుపెట్టినవారు పావుగంటలో ఇరవై మంది అయ్యారు. అన్నం డబ్బాలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. సాయంత్రానికి దిద్దిన పత్రాలు కళాశాలంతా పంచేశారు. జగన్నాధం గారికి అప్పటికే చేరిన పత్రం కోసం అనిత డిపోకే వెళ్ళి, ఆయన ఎదుటే దిద్ది వచ్చింది.

సభ రోజు పళ్ళెం ఎవరో రాజకుమారి చేతిలో పెట్టారు. ఆమె వద్దనలేదు, జారిన చామంతులు సర్ది పట్టుకుంది. జయకృష్ణ మేష్టారు మైకు ముందుకు వచ్చారు. ఆయన చేతిలో ఉన్నది దిద్దని పత్రం.

“ఇప్పుడు మన విద్యార్థి సంఘ అధ్యక్షు...”

“రాలు,” అంది హాలులో ఒక వరుస, తరగతిలో పాఠం అందుకున్నట్టు.

మేష్టారు ఆగారు. పత్రం దగ్గరగా పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు. “అధ్యక్షు...”

“రాలు.” ఈసారి హాలంతా అంది. అబ్బాయిల గొంతులు కూడా కలిశాయి.

జగన్నాధం నవ్వు దాచుకుంటూ తన పత్రం అందించాడు. మేష్టారు నీలిసిరాతో దిద్దిన చోట వేలు పెట్టి చదివారు. “అధ్యక్షురాలు, పి. రాజకుమారి.”

పృథ్వీరాజ్ అప్పటికే నివేదిక కాగితంతో సగం లేచాడు. రాజకుమారి ఆ కాగితం అందుకుని, పళ్ళెం అతని చేతుల్లో పెట్టింది.

“పట్టుకో. అతిథికి గుర్తుంటావు.”

మైకు దగ్గర చూస్తే, కాగితంలో ఆ పేరా కొట్టేసి ఉంది. అయితేనేం, అది ఆమెకు కంఠస్థం. దానితోనే మొదలుపెట్టింది. నాలుగున్నర బస్సు, అయిదింటి ప్రాక్టికల్స్, పదకొండు పేర్లు. పదకొండో పేరు అనితది.

జగన్నాధం జేబులోంచి కలం తీశాడు. ఆ పత్రమే వెనక్కి తీసుకుని, దిద్దిన పేరు కింద కలం ఆనించాడు.

“సరిగ్గా ఎన్నింటికి అవుతాదమ్మా మీ ప్రాక్టికల్?”

రాజకుమారి నోరు తెరిచేలోగా హాలు మధ్యలో అనిత లేచి నిలబడింది.

“అయిదింటికండి. బ్యూరెట్లు కడిగేసరికి అయిదుంబావు.”