రెండోసారి అడగని ఊరు
మా ఆయన కిరణ్‌కుమార్‌కి మొహమాటం పుట్టుకతో వచ్చింది. నెవాడా ఎడారిలో ఈ రాగి గని ఊరికి వచ్చి నాలుగేళ్లయినా అది ఇసుమంతైనా తగ్గలేదు. ఆయన గని ట్రక్కుల సాఫ్ట్‌వేర్ చూస్తారు. నేను డల్లాస్‌ని ఆనుకుని ఉన్న కాపెల్‌లో మా అక్క త్రివేణి ఇంటి పక్కకి ఎప్పుడు వెళ్లిపోతామా అని ఎదురుచూస్తాను. కరివేపాకు కోసం నాలుగు గంటలు డ్రైవ్ చేయాల్సిన ఊళ్లో ఇంకెన్నాళ్లుంటాను?

పోయిన సోమవారం మేనేజర్ వేన్ ఈయన్ని అడిగాడట, డల్లాస్ ఆఫీస్‌లో పోస్ట్ ఉంది, వెళ్తావా అని.

"మీరేమన్నారు?"

"అబ్బే, పర్లేదు, ఇక్కడే బావుంది అన్నాను."

"ఎందుకన్నారండీ అలా?"

"అడగ్గానే ఎగిరి గంతేస్తే ఏం బావుంటుంది? ఇంకోసారి అడుగుతాడు కదా, అప్పుడు యెస్ అందామని."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ దేశంలో వద్దంటే వద్దనే. మర్నాడే వేన్ ఆ పోస్ట్ వేరే అతనికి కన్ఫర్మ్ చేసేశాడు. పోనీ వెళ్లి అసలు సంగతి చెప్పండి అంటే, దానికీ ఈయనకి మొహమాటమే.

శనివారం కమ్యూనిటీ హాల్‌లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినే విందు. మెక్సికో వాళ్ల మొక్కజొన్న పిండి తమాలెలు, ఫిలిప్పీన్స్ నర్సు లోర్ణా చేసిన నూడుల్స్, నా పులిహోర అన్నీ ఒకే బల్ల మీద. ఈ ఊళ్లో ఎవరు చాలన్నా నేను వినను. "మా వాళ్లలో మొదటి రెండు 'నో'లు లెక్కలోకి రావు" అని నాలుగేళ్లుగా అందరికీ చెప్పి మరీ వడ్డిస్తున్నాను.

వేన్ మైకు అందుకున్నాడు. "మన ఊరి మీద ప్రేమతో కిరణ్ డల్లాస్‌నే వదులుకున్నాడు" అన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. లోర్ణా నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, కాకపోతే నా ఏడుపు వేరు.

"వచ్చే రెండేళ్లు మన పాట్‌లక్ కమిటీ ప్రెసిడెంట్‌గా రాగిణి ఉండాలి" అన్నాడు వేన్, నన్ను చూపించి.

"నో, వేన్. నాకు కుదరదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

లోర్ణా కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ఒక వేలెత్తింది. "ఒకటి."

"నిజంగానే నో."

ఈసారి హాలంతా రెండేసి వేళ్లు లేచాయి. నేను మూడోసారి నోరు తెరిచేలోపు వేన్ బోర్డు మీద నా పేరు రాసేశాడు. మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి. అందరూ తన వైపే చూస్తుంటే, మా ఆయన కూడా మొహమాటానికి చప్పట్లు కొట్టారు.