మైకిస్తే తాళం తీస్తా

వినాయక చవితి పందిట్లో మైకు పట్టుకున్నాడంటే పరదేశి ఇక ఎవరి మాటా వినడు. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బిగించే ఫిట్టరు గొంతు అది. సుత్తి చప్పుళ్ళ మీంచి వినపడడానికి అలవాటు పడింది. తొంభై తొమ్మిదిలో చవితినాడు ఆ గొంతు పొద్దున్నుంచీ రాయ్‌పూర్ తెలుగు క్వార్టర్లన్నిటికీ ఒకటే చాటింపు వేస్తోంది. "సాయంత్రం హారతి వేళకి మన పందిట్లో కంప్యూటర్ మీద కార్ల పందెం. పిల్లలూ పెద్దలూ అందరూ ఆడొచ్చు."

ఈ ఆర్భాటానికి కారణం ఎదుటి లైను హిందీవాళ్ళ పందిరి. కిందటేడు వాళ్ళు కరెంటుతో చెవులాడించే వినాయకుణ్ణి పెట్టారు. మన పిల్లలు, పిల్లల వెనక అమ్మలు, అమ్మల వెనక నాన్నలు అటే పోయారు. హారతికి పంతులూ, పరదేశీ, గంగాళం నిండా పులిహోరా మిగిలారు. ఈ ఏడూ ఆ వినాయకుణ్ణే పెట్టారు. మళ్ళీ అలాగే జరిగితే మైకు మళ్ళీ తన చేతికి రాదని పరదేశికి తెలుసు. తెలుగు సంఘం సెక్రటరీ, హెడ్‌క్లర్కు జోగయ్య కన్ను దాని మీద పడి చాన్నాళ్ళయింది.

ఆట సీడీని బీర్‌గావ్‌లో ఉండే తోడల్లుడు తెచ్చిచ్చాడు. దాని మీద కంపెనీ పేరు లేదు, ఊరు లేదు. స్కెచ్ పెన్నుతో హిందీలో 'గాడీ' అని మాత్రం రాసుంది. మధ్యాహ్నం భోంచేసి, పందిట్లో పెట్టిన సంఘం కంప్యూటరుకి బొట్టు పెట్టి, పరదేశి సీడీని లోపలికి తోశాడు. అది కాసేపు గుర్రుమంది. తర్వాత తెర మీద ఎర్రటి బోర్డు లేచింది. ఇందులో వైరస్ ఉంది, రానివ్వనని దాని సారాంశం.

మళ్ళీ తోశాడు. మళ్ళీ బోర్డే. కంప్యూటరు ఆపి, దణ్ణం పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి బోర్డు కుయ్యిమని అరిచింది కూడా. టీటీ ముందు పాసు మర్చిపోయిన రైల్వేవాడిలా నిలబడిపోయాడు పరదేశి.

ఆ బోర్డు చూపిస్తున్న యాంటీవైరస్‌ని ఆపుదామంటే పాస్‌వర్డ్ అడిగింది. అది జోగయ్యకే తెలుసు. బయటి సరుకు లోపలికి రాకూడదని దాన్ని పెట్టించింది అతనే. పరదేశి వినాయకుడి పేర్లు గుర్తున్నన్ని కొట్టి చూశాడు. తర్వాత జోగయ్య పెళ్ళాం పేరు కొట్టాడు. వినాయకుడే కానప్పుడు ఆవిడెందుకవుతుంది?

పక్కన వత్తులు చేసుకుంటున్న తల్లి అప్పలనరసమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏట్రా, ఆ పెట్టితో కుస్తీ పడతన్నావు?"

"ఆటని లోనికి రానివ్వట్లేదమ్మా. జోగయ్య బావ కాపలా పెట్టీసినాడు."

"కట్టు కట్టీసినాడన్నమాట. మనూర్లో అమ్మోరి పండక్కి పొలిమేర కట్టీసినాక కొత్తల్లుడొచ్చినా అవతలే కూకోవాల. మళ్ళీ కట్టినోడే ఒచ్చి ఇప్పాల. నువ్వెంత తన్నుకుంటే ఏటి లాభం?"

"ఆడి గుమ్మంలోకి నేనెల్లాలా?"

"ఎల్లకు. పులిహోర నువ్వూ పంతులూ తినండి."

జోగయ్య బనీనుతో వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పరదేశిని చూడగానే పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.

"బావా, ఆ యాంటీవైరస్ జరా బంద్ చేసీ."

"దొంగ సీడీలకి తలుపు తీమంటావా? రేపు మిషిను ఖరాబైతే ఎవడిది జిమ్మేదారీ?"

"నాది."

"నీదనే గదా బావా నా భయం."

పరదేశి చెప్పులు విప్పి వరండా ఎక్కాడు. "ఏటి కావాలో చెప్పీ."

పేపరు కిందికి దిగింది. "మైకు. హారతి కాణ్ణించి నిమజ్జనం దాకా. నువ్వు ముట్టకూడదు. హలో అని కూడా అనకూడదు."

కూతుర్ని అత్తారింటికి పంపినప్పటి మొహం పెట్టాడు పరదేశి. చివరికి తలూపాడు.

జోగయ్య చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మరీ వచ్చాడు. అందర్నీ అటు తిరగమని పాస్‌వర్డ్ కొట్టాడు. ఎర్రబోర్డు పీడ వదిలింది. ఆట ఎక్కింది. తెర మీద పచ్చటి కారొకటి బుర్రుమంది.

"సెక్రటరీని గదా, నేనోపాలి చూసి పాస్ చెయ్యాల," అని జోగయ్య కుర్చీలో కూర్చున్నాడు. కారు గోడకి గుద్దుకుంది. "ఇంకోపాలి," అన్నాడు.

హారతి వేళకి పందిరి నిండిపోయింది. ఎదుటి లైను హిందీ పిల్లలు కూడా వచ్చి "అంకుల్, బ్రేక్ మారో" అని కేకలేస్తున్నారు. అటు పందిట్లో వినాయకుడు తన చెవులు తనే ఆడించుకుంటున్నాడు.

"తాతగారూ, మా బారీ, మా వంతు ఎప్పుడు?" మన పిల్లలు గోల పెడుతున్నారు.

"ఉండండర్రా, ఈ మలుపు తిరగనీండి," అన్నాడు జోగయ్య కుర్చీలోంచి కదలకుండా.

"ఎవరో ఒకరు మైకులో చెప్పండి బాబూ, కర్పూరం అయిపోతోంది," అన్నాడు పంతులు. మైకు స్టాండుకి ఒంటరిగా వేలాడుతోంది.

పరదేశి వెళ్ళి వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు. "బావా, మైకు నీది గదా. హారతి చెప్పీ."

"నువ్వే చెప్పీ బావా."

"నిమజ్జనం దాకానా?"

"నీ ఇష్టమొచ్చినంత కాలం చెప్పుకో. అడ్డు జరుగు, రోడ్డు కనపడట్లేదు."

"కట్టు ఇప్పినోడినే ముందు పట్టీసింది ఆట," అంది అప్పలనరసమ్మ వత్తి వెలిగిస్తూ.

పరదేశి మైకు అందుకుని రెండుసార్లు ఊదాడు.

"హలో, హలో. భక్తులకు విజ్ఞప్తి. హారతి మొదలవుతోంది. సంఘం సెక్రటరీ జోగయ్య గారు ఏ గోడకి గుద్దుకుని ఉన్నా సరే, పిల్లలకి కుర్చీ ఖాళీ చెయ్యవలసిందిగా కోరుతున్నాం."