ఓటుకు బొట్టుబిళ్ల

లక్సెట్టిపేట ఫంక్షన్ హాలు గోడకు మూడు చార్టులు అతికించారు. ఒకటి మహిళా నాయకత్వ శిక్షణ, ఇంకొకటి డిజిటల్ అక్షరాస్యత, చివరిది గురువారం దగ్గు క్లినిక్. వచ్చే అయిదేళ్లు ఈ స్వచ్ఛంద సంస్థ ఏం చేయాలో ఊళ్ల ఆడవాళ్లే తేలుస్తారట. ఎక్కువ ఓట్లు పడ్డ రెండు పనులు ఉంటాయి, మూడోది మూతపడుతుంది.

వెనక వరుసలో కాళ్లు చాపుకుని కూర్చున్న వెస్లీకి నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా అతను ఆ సంస్థలో ఫీల్డు కోఆర్డినేటరు. ఇలాంటి ప్రణాళికలు నాలుగు చూశాడు. నాలుగింటినీ బీరువాలో చెదలు తింటున్నాయి. ప్రతిసారీ హైదరాబాదు నుంచి ఒకడు దిగి అందర్నీ గుండ్రంగా కూర్చోబెడతాడు, పేరు బదులు నచ్చిన పండు చెప్పమంటాడు. ఈసారి దిగినవాడు సాగర్. పొద్దున కమలవ్వ చేత "నేను సీతాఫలం" అనిపించాడు. మరమగ్గాల సాంచాల షెడ్డులో ముప్పై ఏళ్లు కండెలు చుట్టి దూదిపొట్టు మింగిన ముసలామె, ఆ రెండు మాటలకే రెండుసార్లు దగ్గింది. సాగర్ చప్పట్లు కొట్టించాడు.

ఓటుకని కొన్న రంగు స్టిక్కర్లు హైదరాబాదులోనే మర్చిపోయారు. సాగర్ ఎదురు దుకాణానికి మనిషిని పంపి బొట్టుబిళ్లల అట్టలు తెప్పించాడు. "లోకల్ మెటీరియల్" అని తనను తానే మెచ్చుకున్నాడు. తలా మూడు బిళ్లలున్న అట్టముక్క. కావలసిన పని మీద అతికించాలి.

వెస్లీకి ఆ క్షణమే తెలిసిపోయింది. క్లినిక్కు ఎవరికి కావాలి? దగ్గుతో మొగుళ్లు పోయి, అదే దగ్గుతో మిగిలిన కమలవ్వలాంటి నేత ఆడవాళ్లకు. పదిమందిలో నిలబడి బొట్టుబిళ్ల తీయడానికి వాళ్ల చేయి లేవదు. ఇక తన తల్లి మగ్దలేనమ్మతో చర్చి వాడ నుంచి వచ్చిన కూలీలు. వాళ్లు బొట్టు ముట్టరు. హాల్లో సగం మంది వీళ్లే.

లేచి ఒక్క మాట చెప్తే అయిపోయేది. లేవలేదు. లోపల ఏదో తియ్యగా కదిలి పెదాల మీదికి నవ్వొచ్చింది. కానీయ్, చూద్దాం. వీడి చదువు వీడి నెత్తినే పడనీ. ఇరవై ఏళ్లలో ఎవడూ తనను అడగలేదు, అడగనివాడికి చెప్పడమెందుకు? మగ్దలేనమ్మ అట్టముక్కను కుర్చీ కింద పెట్టి కాలితో వెనక్కి నెట్టింది. కమలవ్వ పిడికిట్లో దాచుకుంది. జైనూరు నుంచి వచ్చిన పడుచులు నాయకత్వం చార్టు మీద బిళ్లల్ని తీగలా అల్లి నవ్వుకున్నారు.

ఆ తీపి లెక్కింపు దాకా ఉంది. క్లినిక్కు అయిదు బిళ్లలు.

"ఇది కమ్యూనిటీ గొంతు" అన్నాడు సాగర్, ఫొటో తీసి పైకి పంపుతూ.

అప్పుడు లేచాడు వెస్లీ. "సగం మంది ఓటేయలే సార్. బొట్టుబిళ్లలు వాళ్లు ముట్టరు. చిక్కుడు గింజలిచ్చి మళ్ల ఏపిద్దాం."

"మీకెప్పుడు తెలిసింది?"

"అట్టలు తెచ్చినప్పుడే."

"మరి గంట నుంచి ఏం చేస్తున్నారు?"

వెస్లీకి ఇలాంటి వెధవ నోట సరైన ప్రశ్న వచ్చినందుకు ఒళ్లు మండింది. "ఫొటో ఫండర్‌కు చేరిపోయింది, ఇప్పుడు మారిస్తే బాగుండదు" అంటూ సాగర్ చార్టులు చుట్టాడు.

భోజనాల దగ్గర కమలవ్వ పిడికిలి విప్పి, చెమటకు మెత్తబడ్డ అట్టముక్క వెస్లీ చేతిలో పెట్టింది. "వాపస్ తీస్కో బిడ్డా. మూడిటికి మూడున్నయ్." దగ్గు ఆగేదాకా అతని మోచేయి పట్టుకుంది. "గురువారం డాక్టరమ్మ వస్తది గద?"

"మార్చి దాక వస్తది అవ్వా."

ఆమె చేయి వదిలేసింది. పక్కనే మగ్దలేనమ్మ అన్నం కలుపుతున్నదల్లా ఆగింది.

"నీ మొఖం దిక్కే చూసుకుంట కూసున్న కొడుకా. లేస్తవనుకున్న. నువ్వు నవ్వినవ్."

విస్తరి తీసుకుని లేచి, కమలవ్వ వరుసలోకి పోయి కూర్చుంది.