భాగ్యశ్రీ ఎక్కే బస్సు

కంపెనీ బస్సు శాలిబండ మలుపులో హారన్ కొట్టిందంటే చాలు, రాహేలుకు ఒళ్లు మండిపోతుంది. ఆ పూటా మండింది. చేతిలో ఉన్న పప్పు గిన్నెను గొంతు పిసికినట్టు పీచుతో రుద్దింది. కంపెనీ ఇచ్చిన నీలం కోటు తొడుక్కుని, చిన్న సంచీ చంకన పెట్టుకుని, భాగ్యశ్రీ ఈమె వాకిలి ముందు నుంచే వెళ్తూ "పోయొస్త అక్కా" అంది. పోవే తల్లీ పో, ఊరేగు, అనుకుంది లోపల. పైకి మాత్రం "భద్రం" అంది.

ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒక జోడీ. గౌలిపురలో అమరనాథ్ సేట్ అప్పడాల కార్ఖానాలో ఆడవాళ్లంతా జోడీలుగానే పనిచేసేవాళ్లు. ఒకామె పొద్దున్నే నిలబడి, నూనె రాసిన మినప్పిండి ముద్దను రోకలితో దంచాలి. ఇంకొకామె కూర్చుని పీట మీద ఒత్తాలి. వచ్చిన కూలి చెరిసగం. రాహేలు దంచేది. ఒత్తడం రాక కాదు, భాగ్యశ్రీ కంటే గుండ్రంగానే ఒత్తగలదు. పనికి కుదిరిన కొత్తలో అత్త సుగుణమ్మే తేల్చేసింది. "దంచుడే పట్టుకో బిడ్డా. జల్ది ఇంటికొస్తవ్. ఒత్తుడంటే పొద్దుగూకే దాంక కూసోవాలె, ఇంట్ల వంట ఎవరు జెయ్యాలె?" ఇంటికి ఏది వీలైతే అదే కోడలికి చేతనైన పని అయింది.

ఈ ఏడు సేట్ తన కార్ఖానాను పేరుతో సహా బొంబాయి కంపెనీకి అమ్మేశాడు. మేడల మీద పాత చీరలు పరిచి అప్పడాలు ఎండబెట్టడం ఆగిపోయింది. కార్ఖానా ముందు చాయ్ అమ్మే పుష్పమ్మ బండి మూసేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. కంపెనీ శంషాబాద్ అవతల పెద్ద షెడ్డు వేసింది. అక్కడ పిండిని మిషన్ దంచుతుంది. ప్యాకెట్ మీద చేత్తో ఒత్తినవని రాసుకోవాలి కదా, అందుకని ఒత్తేవాళ్లు మాత్రం కావాలి. ఆఫీసరమ్మ హరిచందన వచ్చి ఒక్కో జోడీనీ పిలిచి, "మీలో అప్పడాలు చేసేదెవరమ్మా?" అని అడిగింది. రాహేలు తన నోటితో తానే, భాగ్యశ్రీ భుజం మీద చెయ్యి వేసి మరీ, "గీమెనే మేడం. నేను ఉత్తగ దంచుత" అంది. దంచేవాళ్లంతా అదే చెప్పారు. దంచడం కూడా చేయడమేనని ఆ కార్ఖానాలో ఎవరూ అనుకోలేదు, దంచేవాళ్లతో సహా. ఉత్తగ అట! తలుచుకున్నప్పుడల్లా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

తనలో ఇంత కుళ్లు ఉందని తనకే తెలియదు. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉండి, ఆ బస్సు దారిలో ఆగిపోవాలని కోరుకుంది. కోరుకుని సిగ్గుపడింది, సిగ్గుపడి మళ్లీ అదే కోరుకుంది. దేనికి ఏడుస్తున్నట్టు? జీతం చూస్తే గొప్పేమీ కాదు. కోటు చూస్తే గోనెసంచీలా ఉంది. జలమండలిలో లైన్‌మన్ అయిన భర్త సామ్యూల్ దగ్గర ఓసారి భాగ్యశ్రీ పని మాటెత్తింది. "దానికి మొగడు లేడు, అడిగేటోడు లేడు, పోతది. నీకేం ఫికర్? రికాము దొరికింది, ఇంట్ల కూసో" అన్నాడు. కూర్చోవడమట! కార్ఖానా మూతపడ్డ వారానికే అత్త మోకాళ్లకు నూనె రాయడం, మరిది పిల్లల టిఫిన్ డబ్బాలు, ఆడబిడ్డ ఇంటి పచ్చళ్లు, అన్నీ వచ్చి నెత్తిన పడ్డాయి. ఎట్లాగూ ఖాళీనే గదా అని.

ఓ పొద్దున పాల కోసం శాలిబండ దాకా వెళ్తే, ట్రాఫిక్‌లో ఆ బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన భాగ్యశ్రీ. తల అద్దానికి ఆనించింది. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు. ఎవరూ పిలవడం లేదు. పెళ్లయ్యాక తన చేతులు అలా పడి ఉన్న గంట ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది రాహేలు. జ్వరంలో కూడా లేదు. పాల ప్యాకెట్లు పట్టుకుని, నడిరోడ్డు మీద, ఆ చేతులను చూసి భగ్గున మండిపోయింది.

ఆ సాయంత్రం భాగ్యశ్రీ ఇంటికే వెళ్లింది. "నిన్ను జూస్తే కుళ్లుకుంటున్ననే" అంది ముఖం మీదే.

"నాకెరుకే అక్కా. నువ్వు భద్రం అన్నప్పుడల్లా జడుస్తున్న" అని నవ్వింది భాగ్యశ్రీ. నవ్వాపుకుని, "కొమురమ్మ మానేసింది. ఒక పీట ఖాళీ ఉంది. రేపు నాతోని రా, ఒత్తి సూపియ్యి" అంది.

తెల్లారి రాహేలు చీర మార్చుకుంటుంటే ఇల్లంతా లేచి కూర్చుంది. "పొయ్యి ఎవరు ముట్టియ్యాలె?" అంది అత్త. సామ్యూల్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "గంత దూరం పోవుడు, గంత దూరం వచ్చుడు. ఏముందని పోతున్నవ్ గాడికి?"

కూతురు స్వీటీ కాలేజీ ఫీజు కోసమంటే చాలు, సామ్యూల్ అడ్డు తప్పుకుంటాడు. బిడ్డ కోసం అంటే అత్త కూడా సరేనంటుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. రాహేలు దాన్ని మింగేసింది. చెప్పులు తొడుక్కుని, భర్త కళ్లలోకి చూసింది.

"బస్సుల కూసోనీకి" అంది.