ఇంటిమనిషికి సెలవేమిటి

బాబా తలగుడ్డలకు సత్యదుర్గ గంజి పెట్టి ఇస్త్రీ చేస్తుంటే, రేపు శుక్రవారం కూడా బయటికి వెళ్ళొద్దని మామా వచ్చి చెప్పింది. బహ్రెయిన్‌లో పనిచేసే ఆడవాళ్ళు ఇంటి యజమానిని బాబా అని, యజమానురాలిని మామా, అంటే అమ్మ, అని పిలుస్తారు. పిలుపులో ఉన్న అమ్మతనం పని చెప్పేటప్పుడు కనబడదు. చుట్టాలొస్తున్నారట. నువ్వు మా ఇంటిమనిషివి కదా, ఇంటిమనిషికి సెలవేమిటి అని నవ్వింది. ఆ మాట మామా సొంతం కాదు, కోర్టు నుంచి వచ్చింది.

ఈసా టౌన్‌లో వీళ్ళ పక్కింట్లో పనిచేసిన వీరమ్మ, ఏళ్ళ తరబడి ఒక్క సెలవైనా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారని కేసు వేసింది. వాళ్ళు నిన్నెలా చూసేవారని కోర్టులో తర్జుమా చేసే ఆయన అడిగాడు. గోదావరి మనిషిని అలా అడిగితే ఒకటే జవాబు వస్తుంది. ఉప్పు తిన్న ఇంటిని నలుగురిలో ఆడిపోసుకోకూడదు, చేతిమీద వాత ఉన్నా సరే. "ఇంటిమనిషిలాగే చూశారండి" అనేసింది వీరమ్మ. మర్యాదకి అన్న మాట సాక్ష్యమై కూర్చుంది. ఇంటిమనిషిగా కలిసిపోయినప్పుడు ఇన్ని గంటలని, ఇన్ని సెలవులని అడగడానికి లేదంటూ కేసు కొట్టేశారు.

ఆ తీర్పును ఆ వీధిలో చదివినవాళ్ళెవరూ లేరు, వాడుకున్నవాళ్ళే అందరూ. ఎదురింట్లో పనిచేసే కళ ఫోను లాక్కున్నారు, ఇంటిమనిషి ఎవరితో మాట్లాడాలని. ఆ పై ఇంట్లో వంటగది పక్కనున్న పనిపిల్ల గదికి గడియ పీకేశారు, ఇంటిమనిషికి చాటేమిటని. ఈ ఇంటి వంతు ఎప్పుడొస్తుందా అని సత్యదుర్గ రోజూ భయపడుతూనే ఉంది. ఇప్పుడు వచ్చింది.

వీరమ్మ పై కోర్టుకెళ్ళింది. శుక్రవారాలు కూడా, జ్వరంతో ఉన్నా ఆమె గచ్చు కడగడం గోడమీంచి చూసింది సత్యదుర్గ ఒక్కతే. అందుకే సాక్ష్యానికి పిలిచారు. అస్కర్‌లోని కూలీల క్యాంపు నుంచి భర్త బుల్లిరాజు ఫోన్ చేశాడు.

"బాగానే చూశారని చెప్పెయ్యి, పోద్ది. మీ మామాకి కోపమొత్తే నిన్ను మన ఊరికి పంపేత్తాది. అయినా మా అమ్మకాడ ఉన్నప్పుడు సెలవడిగావేంటే?"

అడగలేదు. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ ఇది కోడలు కాదమ్మా, నా కూతురే అని చెప్పేది. చెప్పి అంట్లవైపు చూసేది. ఆ ఒక్క మాటకి మురిసిపోయి సత్యదుర్గ అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేది. కడుపునొప్పితో మెలికలు తిరిగిన నాడు కూడా పొయ్యి వెలిగించింది. పరాయిదాన్ని అన్నా బాగుండేది, కనీసం ఒంట్లో ఎలా ఉందని అడిగేవాళ్ళేమో. తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు అత్తమీద కన్నా తనమీదే ఎక్కువ కోపం వచ్చింది.

కోర్టు రమ్మన్నాక ఆపడం కుదరదు కాబట్టి మామాయే కారులో తీసుకెళ్ళింది. బయల్దేరేటప్పుడు సత్యదుర్గ పెట్టె అటకమీంచి దిగి గుమ్మం దగ్గరుంది. ఎవరు దింపారో, ఎందుకు దింపారో ఎవరూ చెప్పలేదు. దారంతా మామా చాలా ప్రేమగా మాట్లాడింది.

కోర్టులో అదే తర్జుమా ఆయన. అదే ప్రశ్న. వీరమ్మని ఆ ఇంట్లో ఎలా చూసేవారు? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేర్చుకున్న మర్యాదంతా సత్యదుర్గ గొంతులోకి వచ్చింది. వెనక కుర్చీలో మామా అత్తరు వాసన. ముందు వరసలో వీరమ్మ తల దించుకుని ఉంది.

"పనిమనిషిలా చూశారండి" అంది సత్యదుర్గ. "నన్నూ అంతే. మేం ఎవరింటి మనుషులమూ కాదండి. పనికొచ్చినోళ్ళం."

వెనక కుర్చీ కదిలింది. మామా చెప్పుల చప్పుడు తలుపుదాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో సత్యదుర్గకు తెలియదు. సరిగా వినబడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు తర్జుమా ఆయన.

ఆమె ఇంకాస్త గట్టిగా చెప్పింది.