రెండడుగుల దూరం

ఐదో ప్రయత్నంలో ప్రొఫెషనల్ పరీక్ష గట్టెక్కేసరికి చిగుసా హొరియేకి ఇరవై ఆరేళ్లు. తోచిగి కొండల్లోని ఒక గోల్ఫ్ క్లబ్బులో ఏడేళ్లు శిక్షణ పొందింది. శిక్షణంటే పొద్దున అతిథుల గోల్ఫ్ కర్రల సంచులు మోయడం, మధ్యాహ్నం వాళ్ల దెబ్బలకు పచ్చిక లేచిపోయిన చోట ఇసుక నింపడం, అందరూ వెళ్లాక మసక పడేదాకా తన బంతి తాను కొట్టుకోవడం. ఫలితం తెలిసిన రోజు క్లబ్బు వంటవాళ్లు శుభవేళల్లో చేసే ఎర్ర చిక్కుడు గింజల అన్నం వండారు. వంటింటి పెద్ద మిత్సుయో ఆమె వీపు చరిచి, "ఇకనుంచి టీవీలో కనబడతావన్నమాట. కాస్త నవ్వవే తల్లీ, ఆ ముఖం చూస్తే ఛానల్ మార్చేస్తారు" అంది.

ఆట నేర్పిన ఇనుజుకా మాస్టారు మాత్రం, "తిను, చల్లారిపోతుంది" అని ఊరుకున్నాడు. ఆయనా ఒకప్పుడు పోటీల్లో ఆడినవాడే. నడుము నొప్పితో మానేశాడని క్లబ్బులో అనుకునేవారు.

మే నెలలో మొదటి పోటీ. మూడో గుంత దగ్గర బంతి రెండడుగుల దూరంలో ఆగింది. చిగుసా కర్ర వెనక్కి తీసింది. బంతిని తాకబోయే క్షణంలో కుడి మణికట్టు దానంతటదే ఎగిరిపడింది. బంతి గుంత పక్కనుంచి దూసుకుపోయి అవతల ఆరడుగుల దూరంలో ఆగింది. ఏదో పొరపాటనుకుంది. సాయంత్రానికి అలాంటివి నాలుగయ్యాయి.

వెనకబడినవాళ్లని రెండో రోజుతో పంపేస్తారు; ఆ తర్వాత ఏ పోటీలోనూ ఆమె మూడో రోజు దాకా మిగల్లేదు. విచిత్రమేమిటంటే, క్లబ్బులో ఒంటరిగా ఆడితే వందకి వంద బంతులూ గుంతలో పడేవి. లెక్కలోకి వచ్చే ఆటలోనే చెయ్యి మాట వినేది కాదు. కర్రలు మార్చింది. పట్టు మార్చింది. కళ్లు మూసుకుని కొట్టింది. నరాలు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పినప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. జబ్బని తేలితే మందైనా ఉండేది.

తోటి ఆటగాళ్లు ఆమె బంతి ముందు వంగగానే ముఖాలు తిప్పుకునేవారు. మర్యాద కోసమనుకుంది, ఆగస్టు దాకా. ఒకనాడు వెనకనుంచి వినబడింది.

"అటు చూడకే. చూస్తే మనకీ అంటుకుంటుంది."

నవంబరులో మరుసటి ఏడాది అర్హత కోసం చివరి పోటీ. సంచి మోయడానికి ఇనుజుకా మాస్టారే వచ్చాడు. ఆఖరి గుంతని నాలుగు దెబ్బల్లో ముగిస్తే చాలు, వచ్చే ఏడంతా ఆడొచ్చు. రెండో దెబ్బ ఆమె జీవితంలోకెల్లా గొప్ప దెబ్బ. బంతి ఎత్తుకు లేచి, జెండా పక్కనే దిగి, రెండడుగుల దూరంలో నిలిచింది. చుట్టూ చప్పట్లు మోగాయి.

ఇంకా రెండు దెబ్బలున్నాయి.

ఆ రెండడుగులకే ఆమెకి నాలుగు పట్టాయి.

తిరుగు ప్రయాణంలో కారు ఆమే నడిపింది. మాస్టారు పుల్లటి ఉమే పళ్ల పచ్చడి పెట్టిన అన్నం ముద్ద విప్పి, తినకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు నడుము నొప్పి ఎప్పుడూ లేదు, చిగుసా."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఇరవై తొమ్మిదో ఏట మొదలైంది. ఇదే. కుడి చెయ్యే."

"ఇన్నాళ్లూ తెలిసి కూడా చెప్పలేదా మాస్టారూ?"

"మేలో నీ చెయ్యి చూడగానే తెలిసింది. చెబితే మానేసేదానివి కదూ?"

"మానేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు. నీకైనా పోతుందేమో చూడాలనిపించింది. నా స్వార్థమే."

కోపం రావాలి. వచ్చేంత ఓపిక ఆమెలో లేదు. కొంత దూరం పోయాక అడిగింది: "మీకు తగ్గిందా?"

"తగ్గింది. ఆడను అని నిశ్చయించుకున్న వారానికే. ఇప్పుడు కళ్లకి గంతలు కట్టినా గుంతలో వేస్తాను."

ఆ ఏడాది చలికాలమంతా ఆమె మాస్టారుతో అవసరానికి మించి మాట్లాడలేదు. మిత్సుయో ఒక పళ్ల దుకాణంలో పని చూసిపెట్టింది. "చేతులు బాగున్నాయని వాళ్లకి చెప్పాను. నిజమే కదా?" అంది. చిగుసా తల వంచి నమస్కరించి, వద్దంది. ఎందుకు వద్దందో తనకే తెలియలేదు. ఏడేళ్లు ఒకే పని చేసిన మనిషికి ఇంకొకటి తోచకపోవడం కావచ్చు.

మళ్లీ నవంబరులో అర్హత పోటీకి పేరిచ్చింది. సంచి మోస్తానని మాస్టారు వచ్చి నిలబడితే, "మీరొద్దండి" అని ఒక్కతే వెళ్లింది. మొదటి రోజు చెయ్యి ఆరుసార్లు ఎగిరింది. పట్టికలో ఆమె పేరు కింద ఇద్దరే మిగిలారు. రెండో రోజు రాకపోయినా అడిగేవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున ఏడింటికి, సన్నటి వానలో, ఆమె మొదటి బంతి కొట్టింది. అది తిన్నగా, చాలా దూరం వెళ్లింది. గొడుగు తెరుచుకుని దాని వెనకే నడిచింది.