చుక్కకు రెక్కలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో ఒక్క గోడ మీద మనకు నచ్చిన బొమ్మ వేసి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. అని ఉంటే కోరుట్లలో సుధ కాస్త ముందే జాగ్రత్తపడేది.

ఇంటి సంగతులన్నీ ఆమె భర్త దివాకర్ మస్కట్ నుంచి వీడియో కాల్‌లోనే తేల్చేశాడు. గేటు రంగు అతనిది, అద్దంలా మెరిసే టైల్స్ అతనివి, పైకప్పులో నీలం లైట్లు అతనివి. పూజగది ఏ మూల ఉండాలో అతని తల్లి రాజవ్వ చెప్పింది. వంటింటి గట్టు కొంచెం ఎత్తు పెంచమని సుధ అడిగేసరికి రాయి పరచడం కూడా అయిపోయింది. ఇక మిగిలింది హాల్లో తూర్పు గోడ. దానికీ దివాకర్ ఒక జలపాతం వాల్‌పేపర్ ఎంచి పంపాడు. ఆ వీధిలో అప్పటికే నాలుగిళ్లలో అదే జలపాతం దూకుతోంది. ఎండాకాలం నల్లా నీళ్లు రాని వీధికి ఎన్ని జలపాతాలు కావాలి?

"గా ఒక్క గోడ నాకు ఇడిసిపెట్టుండ్రి," అంది సుధ. ఏ కళనున్నాడో, దివాకర్ సరేనన్నాడు.

సుధ చేయి మంచిదే. జగిత్యాలలో డిగ్రీ చదివినప్పుడు సగం క్లాసు జువాలజీ రికార్డుల్లో కప్పలూ బొద్దింకలూ ఆమె గీసినవే. కానీ రికార్డులో కప్పను కప్పలాగే గీయాలి, సొంత తెలివి చూపిస్తే మార్కులు పోతాయి. ఇప్పుడు మార్కులు వేసేవాళ్లెవరూ లేరు. కూతురు వర్ష బడికి పోగానే కిరాయి ఇంటి నుంచి కొత్త ఇంటికి వచ్చి, స్టూల్ ఎక్కి, అన్నం సంగతి కూడా మరిచి గోడ నిండా ఒక బర్రెను వేసింది. నల్లటి బర్రె, నుదుటి మీద తెల్లటి చుక్క, వీపున నీలంగా మెరిసే పాలపిట్ట రెక్కలు. కోరుట్ల బస్టాండు మీదుగా ఎగురుతూ అది ఒక మబ్బును పచ్చిగడ్డిలా నములుతోంది. కింద ఆటోవాళ్లు బేరాలు మరిచి తలలెత్తి చూస్తున్నారు.

అది ఊరికే పుట్టిన ఊహ కాదు. ఇప్పుడు హాలున్న చోట నిరుటి దాకా కొట్టం ఉండేది, అందులో చుక్క అనే బర్రె ఉండేది. పునాదులు తీసే ముందు దాన్ని అమ్మేశారు. వర్ష బడి నుంచి వచ్చి, చుక్క ఏదని గుక్కపెట్టి ఏడిస్తే, రాజవ్వ మనవరాలిని దగ్గరికి తీసుకుని, "రెక్కలచ్చినయి బిడ్డా, ఎగిరిపోయింది," అంది. పిల్ల ఏడుపు ఆపి ఆకాశం వైపు చూసింది. ఆ మాట సుధ మనసులో పడి అక్కడే ఉండిపోయింది.

బొమ్మ పూర్తయ్యాక దాని ముందు నిలబడితే ఆమెకు ఒళ్లు తేలికైనట్టు ఉండేది. ఇల్లంతా ఎవరెవరి ఇష్టమో, ఈ గోడ మాత్రం తనది. అంత సంతోషం ఆమెకు కొత్త. వర్షకు గృహప్రవేశం నాడే చూపించాలని దాచిపెట్టింది.

ముందు రోజు సామాన్లు సర్దడానికి వచ్చిన రాజవ్వ దాన్ని చూసి నిలబడిపోయింది.

"ఏంది పోరీ గిది?"

"చుక్క, అత్తమ్మా. నువ్వు చెప్పినట్టే రెక్కలు వెట్టిన."

రాజవ్వ మొహం మాడిపోయింది. "బర్రె బొమ్మను ఎవలన్న ఇంట్ల వెట్టుకుంటరా? యముని వాహనమాయె! పొద్దున లేస్తే దాని మొఖమే సూడాల్నా? తుడిపిచ్చెయ్."

బర్రె పాలతోనే ఇంతదాకా వచ్చిన ఇంటికి బర్రె ఎప్పటినుంచి అశుభమైందో సుధకు అర్థం కాలేదు. మస్కట్‌కు ఫోన్ వెళ్లింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దివాకర్ కాసేపు నసిగి, చివరికి "అమ్మ చెప్పినట్టే కానియ్యి" అని పెట్టేశాడు. గృహప్రవేశం నాటికి దుప్పటి కప్పాలి, మర్నాడు పెయింటర్ వచ్చి తెల్లరంగు పూయాలి అని తేలింది. సుధ దండెం కట్టి, సిరిసిల్ల నుంచి తెచ్చిన దుప్పటిని దాని మీద వేసింది.

తెల్లవారి గేటు ముందు చుట్టాలంతా నిండారు. దివాకర్‌కు సెలవు దొరకలేదు, వర్ష చేతిలోని ఫోన్‌లోంచే చూస్తున్నాడు. కొత్త ఇంట్లోకి ముందు ఆవు అడుగుపెట్టాలి, తర్వాతే మనుషులు. వెనక వీధిలో పాలు పోసే మొగిలి తన ఆవుకు పసుపు, కుంకుమ పెట్టి తోలుకొచ్చాడు. అది గడప దాకా బుద్ధిగా వచ్చి, టైల్స్ మీద కాలు పెట్టింది. కాలు సర్రున జారింది. అంతే, నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడిపోయింది. టైల్స్ ఎంచేటప్పుడు ఆవును అడిగిందెవరు?

మొగిలి ముందు నుంచి గుంజాడు, ఇద్దరు వెనక నుంచి తోశారు. ముహూర్తం దాటిపోతోందని పంతులు తొందరపెట్టాడు.

"తొయ్యకుండ్రి! కాళ్లు ఇరుగుతయి. దానిది మొండితనం గాదు, భయం," అని రాజవ్వ అరిచింది. పెరటి తలుపు గుండా లోపలికి ఉరికి, ఏదైనా పరుద్దామని చుట్టూ చూసింది. కొత్త ఇల్లు, ఒక గోనె సంచి కూడా లేదు. కంటికి కనిపించింది దుప్పటి ఒక్కటే. ఆలోచించకుండా గుంజేసింది. గడప దగ్గర పరిచి, "రా తల్లీ, రా. మెల్లగ రా," అని పిలిచింది. ఆవు ఆ గొంతు విని, దుప్పటి మీద ఒక కాలు ఆనించి చూసుకుని, లోపలికి నడిచింది.

దాని వెనకే వచ్చిన జనం గోడ వైపు చూసి ఆగిపోయారు.

"చుక్క!" అని వర్ష ఎగిరి గంతేసింది. "బాపమ్మా, నిజంగనే రెక్కలచ్చినయి!"

పక్కింటి దేవమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇదేంది రాజవ్వా, కొత్తింట్ల యముని వాహనం?"

అది నిన్న రాజవ్వ అన్న మాటే. రాజవ్వ ఒకసారి మనవరాలి మొహం చూసి, దేవమ్మ వైపు తిరిగింది.

"యమునిది దున్నపోతు. గిది బర్రె, నా చుక్క. గిది పాలిచ్చింది గని ఎవల పానం తియ్యలే."



భోజనాలై చుట్టాలు వెళ్లిపోయాక, రాజవ్వ ఒక్కతే గోడకు ఎదురుగా నేల మీద కూర్చుని కనిపించింది. సుధ వెళ్లి పక్కన కూర్చుంది.

"యముడు లేడు, ఏం లేదు," అంది రాజవ్వ బొమ్మ మీంచి చూపు తీయకుండా. "అమ్మిననాడు డీసీఎం లారీ ఎక్కనని గిట్లనే కాళ్లు బిగవట్టింది. ఎవలు గుంజినా ఎక్కలే. రా తల్లీ, రా అని నేనే పిలిసిన. నన్ను నమ్మి ఎక్కింది. గా మొఖం రోజూ ఎట్ల సూడాలె బిడ్డా?"

తన గోడ తనకు ఎంత ముద్దో సుధకే తెలుసు. అయినా అంది: "నీకు గంత బాధైతే తుడిపిద్దాం అత్తమ్మా. పెయింటర్ రేపెట్లాగూ అస్తడు."

రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెయింటర్‌ను రావద్దను. నల్లరంగు మిగిలిందా?"

"ఉంది."

"కుడి కొమ్ము తప్పేసినవ్. దానిది కిందికి వంగి చెవును తాకేది. రెక్కలు నీ ఇష్టం గని, కొమ్ము సక్కగ వెయ్యి."

సుధ స్టూల్ ఎక్కి కుంచె తీసుకుంది. కింద నుంచి రాజవ్వ చెయ్యి చాపి చూపిస్తోంది.

"ఇంక కిందికి... ఇంక జర... ఆఁ, గంతే. గిప్పుడు అచ్చింది నా చుక్క."